ఆఖరి గదికి ఇరవై నాలుగు అక్షరాలు

ఇప్పటి ఆటలు వాటంతటవే సేవ్ అయిపోతాయి. ఇది నాకు నచ్చదు. నచ్చదంటే ఆ సదుపాయం వాడుకోనని కాదు. రోజూ వాడుకుంటాను, రోజూ తిట్టుకుంటాను. తలుపు దాటితే సేవ్, మెట్టు దిగితే సేవ్. చచ్చిపోతే, చచ్చిన చోటికి రెండడుగులు ముందే మళ్ళీ బతికించి నిలబెడుతుంది. దారి తెలియకపోతే నేలమీద బాణం గుర్తు వెలుగుతుంది. అదీ అర్థం కాకపోతే ఫోన్లో ఎవరో ఒకాయన ఆట మొత్తం ఆడి చూపించేస్తాడు. నలభై దాటినా, ఇంట్లోవాళ్ళు ఎంత నవ్వినా కంట్రోలర్ వదలనిదాన్ని కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది: గుర్తుపెట్టుకునే పని కూడా ఆటకే అప్పగించేశాక ఆడేవాళ్ళకి మిగిలింది రెండు బొటనవేళ్ళు.

బొమ్మలు గొప్పగా ఉన్నాయా లేదా అని ఆన్‌లైన్లో జనం కొట్టుకుచస్తుంటారు. గడ్డిపరక మీద నీటిబొట్టు కనిపిస్తే అది గొప్ప ఆట అట. నేను మొదట ఆడిన ఆటలో మనిషికి కళ్ళు కూడా లేవు. మొహమంటే మూడు చదరాలు. అయినా ఆ మనిషి కోసం నేను ఏడ్చాను, అబద్ధాలాడాను, దేవుడికి మొక్కుకున్నాను. పైగా ఆ ఆటలో సగం నేను చేత్తో ఆడలేదు, నోటితో ఆడాను.

అదేమిటో చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. అమలాపురం నుంచి రాజోలు వెళ్ళే దారిలో, కాలవ పక్కన మా ఊరు. మా తాతగారు ఘనపాఠి. వేదంలో మాటలన్నీ వరసగా చెప్పడం ఒక ఎత్తు. ఒక్కొక్క మాటనీ పక్కమాటతో కలిపి ముందుకీ, వెనక్కీ, మళ్ళీ ముందుకీ జడ అల్లినట్టు చెప్పడం ఇంకో ఎత్తు. అది వచ్చినవాళ్ళని ఘనపాఠి అంటారు. తెల్లవారగానే వీధి అరుగుమీద మా అన్నయ్యకీ, ఇద్దరు బావలకీ ఆయన పాఠం చెప్పేవారు. ఆయన ఒకసారి అంటారు, వాళ్ళు రెండుసార్లు అనాలి. దాన్ని సంత చెప్పడం అంటారు. పుస్తకమన్నది ఉండదు. ఒక పాఠం ముక్కని పనస అంటారు. వాళ్ళకి ఒక పనస నోటికి రావడానికి నాలుగు రోజులు పడితే, లోపల హాల్లో మామ్మకి పువ్వులు గుచ్చిపెడుతూ విన్న నాకు రెండు రోజులకి వచ్చేసేది.

ఒకరోజు వంటింట్లో ఊరికే పైకి అన్నాను. మామ్మ గబుక్కున నా నోరు మూసింది.

"తప్పు! ఆడపిల్లలు అనకూడదు."

"ఎందుకు మామ్మా?"

"అనకూడదు గనక."

ఆ జవాబుకి నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పటికి నాకు పదకొండేళ్ళు. అన్నయ్య తప్పు చెప్పిన చోటల్లా లోపల కూర్చుని పెదవి కొరుక్కునేదాన్ని. నా ఆశంతా ఒక్కటే. తాతగారు నాకూ ఒక్క పనస చెప్పాలి. ఒకే ఒక్కటి. ఆ ముక్క ఆయన్ని అడగడానికి మాత్రం నాకు నోరు పెగిలేది కాదు. ఆయన కోపిష్టి కాదు. కానీ ఆయన ఎదురుగా నిలబడితే, లోపల అంత సముద్రం పెట్టుకుని ఈ మనిషి ఇంత నెమ్మదిగా మజ్జిగన్నం ఎలా తింటున్నారా అని ఆశ్చర్యంతోనే సరిపోయేది.

కాలవకి అవతల మా క్లాసు అమ్మాయి ఇల్లు. వాళ్ళ నాన్నగారు మస్కట్‌లో డ్రైవరు. ఆ వేసవిలో సెలవుకొచ్చారు. గల్ఫ్ నుంచి ఎవరొచ్చినా తమ సామానొక్కటే తెచ్చుకోరు. రూములో ఉండే మిగతావాళ్ళు తలా ఒక పార్సిలు అంటగడతారు: ఇది మా ఆవిడకి, ఇది మా తమ్ముడికి అని. వచ్చినాయన నెల్లాళ్ళపాటు ఊళ్ళు తిరిగి అవన్నీ అందజెయ్యాలి. అలా రాజోలాయన తన పిల్లలకని పంపిన పార్సిలొకటి వాళ్ళింట్లో ఉంది. ఆ రాజోలువాళ్ళు సెలవులకి మండపేట పుట్టింటికి వెళ్ళారు. బడులు తెరిచే ముందుగానీ రారు. పార్సిల్లో ఉన్నది వీడియో గేమ్.

"పనిచేస్తందో లేదో చూడాలి కదండీ," అన్నారు వాళ్ళ నాన్నగారు, పెట్టె విప్పుతూ. "తీరా ఇచ్చేక పాడైపోయిందంటే మాటొస్తాది."

ఆ పరీక్ష నలభై రోజులు సాగింది.

దాంతో వచ్చిన క్యాసెట్ మీద తొమ్మిది వందల చిల్లర ఆటలని రాసి ఉంది. ఉన్నవి ఏడే. అవే రంగు మార్చి, పేరు మార్చి, తిప్పితిప్పి చూపిస్తుంది. ఇప్పటి ఆన్‌లైన్ దుకాణాలు చూసినప్పుడల్లా నాకా క్యాసెట్టే గుర్తొస్తుంది. కానీ విడిగా ఇంకో క్యాసెట్ ఉంది, బూడిదరంగుది, ఒక్కటే ఆట. అందులో ఒక చిన్న మనిషి డాలు పట్టుకుని పాతకోటలోకి దిగుతాడు. కోటలో పదహారు గదులు. ఆఖరి గదిలో ఏముందో తెలియదు. మొదటిసారి ఆ మనిషి తలుపు తోసినప్పుడు, తెర మీద చీకటి పక్కకి జరిగి గది కనిపించినప్పుడు, మేమిద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం. టీవీ అంటే అప్పటిదాకా మాకు ఏం చూపిస్తే అది చూసేది. అది మేం చెప్పినట్టు వింటోంది. ఇటు నొక్కితే ఇటు, అటు నొక్కితే అటు. ఇన్నేళ్ళలో అంత ఆశ్చర్యం నాకు మళ్ళీ ఏ ఆటా ఇవ్వలేదు.

నా స్నేహితురాలి వేళ్ళు చూసి తీరాలి. అంత వేగం నాకు లేదు. నేనాడితే రెండో గదిలోనే చచ్చేవాళ్ళం. నాకు చేతనైంది ఒక్కటే, గుర్తుపెట్టుకోవడం. ఏ గోడ వెనక దారి ఉంది, ఏ మెట్టు విరుగుతుంది, ఏ తలుపు తర్వాత ఏ తలుపు, అన్నీ చెప్పేదాన్ని. ఆమె చేతులు, నా నోరు.

ఆ పెట్టెకి జ్ఞాపకం లేదు. కరెంటు పోతే మొత్తం పోయినట్టే, ఎండాకాలంలో మధ్యాహ్నం కరెంటు పోని రోజు లేదు. అందుకని ఒక్కో గది గెలిచాక తెర నల్లబడి, తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు ఇరవై నాలుగు కనిపించేవి. మర్నాడు అవే మళ్ళీ వరసగా నొక్కితే ఆ గది దగ్గరనుంచే మొదలుపెట్టనిస్తుంది. ఒక్కటి తప్పినా తలుపు తియ్యదు.

ముందు అవి ఆమె పాత లెక్కల పుస్తకం వెనక అట్ట మీద రాసుకున్నాం. తొమ్మిదో గదిలో ఉండగా వాళ్ళమ్మ, పరీక్షలైపోయాయి కదా అని, పాత పుస్తకాలన్నీ ఉల్లిపాయలబ్బాయికి వేసేసింది. మేం గెలిచిన ఎనిమిది గదులూ పోగొట్టుకుని లబోదిబోమంటే ఆవిడ బిత్తరపోయింది.

"నాకేం తెలుసండి పాపగారూ, పనికిరానియ్యనుకున్నాను. ఇంద, మంచి ఉల్లిపాయలేనండి," అని ఓదార్చింది.

మళ్ళీ మొదటినుంచి ఆడాం. ఈసారి నేను రాయనివ్వలేదు. "నేను చెప్తాను, నువ్వు ఆడు," అన్నాను. మా ఇంట్లో రాసుకోకుండా ఎలా దాచుకుంటారో నాకు తెలుసు. మొదటిది రెండోదాంతో కలిపి, రెండోది మూడోదాంతో కలిపి, వెళ్ళి, వెనక్కొచ్చి, మళ్ళీ వెళ్ళి. కాలవ వంతెన దాటేలోపు ఇరవై నాలుగూ నోట్లో పడిపోయేవి. ఒక్కో గదికి ఒక్కో వరస. పదిహేను గదులవీ నాకు కంఠతా వచ్చాయి. నా స్నేహితురాలు నన్ను చూసి తెల్లబోయేది. ఆమె వేళ్ళని చూసి నేను తెల్లబోయేదాన్ని. జీవితంలో ఒకరి గొప్పతనాన్ని ఒకరం అంత మనస్ఫూర్తిగా మెచ్చుకున్న రోజులు మళ్ళీ రాలేదు.

పదిహేనో గది గెలిచిన మర్నాడే ఆఖరి రోజు. రాజోలువాళ్ళు దిగారని కబురొచ్చింది. మర్నాడు పొద్దున్నే వచ్చి పెట్టె పట్టుకుపోతారు. మిగిలింది ఒక్క మధ్యాహ్నం, ఒక్క గది. కరెంటు రాగానే కూర్చున్నాం. నేను చెప్పాను, ఆమె నొక్కింది. తలుపు తెరుచుకోలేదు. మళ్ళీ చెప్పాను. తెరుచుకోలేదు. మూడోసారి ఆమె నా మొహంలోకి చూసింది. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. నాకొచ్చిందల్లా ఆ ఒక్క విద్య. అదీ అవసరానికి మొండిచెయ్యి చూపించింది.

"ఇప్పుడే వస్తాను," అని ఇంటికి పరిగెత్తాను. ఎందుకు పరిగెత్తానో తెలియదు. కాలవవైపు పెరటి వసారాలో తూము పక్కన కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ, ఆ అక్షరాలు ముందుకీ వెనక్కీ చెప్పుకుంటున్నాను. అక్కడే తాతగారు తకిలీ తిప్పుతూ జంధ్యాలకి నూలు వడుకుతున్నారు. ఆయన ఉన్నారన్న ధ్యాస కూడా నాకు లేదు.

"పదకొండో దగ్గర జారుతున్నావు," అన్నారు.

నేను ఉలిక్కిపడ్డాను.

"నిన్న సాయంత్రం వంతెన దిగి వస్తూ చెప్పుకున్నావు కదూ. అప్పుడు పదకొండు 'టీ', పన్నెండు 'కే'. ఎన్నిసార్లు అన్నా అలాగే అన్నావు. ఇవాళ ముందు 'కే' అంటున్నావేం?"

ఆయనకి ఇంగ్లీషు అక్షరాలు చదవడం రాదు. నేను ఏమి ఆడుతున్నానో, ఎక్కడ ఆడుతున్నానో అడగలేదు. నిన్న సాయంత్రం, ఇదే వసారాలో, ఇదే తకిలీ తిప్పుకుంటూ, దారినపోయే పిల్ల నోటివెంట అర్థం పర్థం లేని ఇరవై నాలుగు ధ్వనులు విన్నారు. అవి ఆయనలో ఉండిపోయాయి.

"నిన్న ఉత్తి అక్షరాలు చెప్పేవు. ఇవాళ స్వరం పెట్టి చెబుతున్నావు. స్వరం అక్కడ కిందికి దిగాలి కదా అని అక్షరాన్ని ముందుకి తోసేశావు. కుర్రాళ్ళూ ఇదే చేస్తారు." అని తకిలీ ఆపారు. "ఈ స్వరం ఎక్కడ పట్టేవు?"

నిజమే. మర్చిపోకూడదని రాత్రి పడుకునే ముందు ఆ అక్షరాలకి నాకు బాగా వచ్చిన పనస స్వరం తగిలించాను. నేను అనకూడని పనస. ఏ పనసో ఆయనకి విన్న మరుక్షణం తెలిసిపోయి ఉంటుంది. ఆయన లోపలి గుమ్మంకేసి చూశారు. మామ్మ నిద్రపోతోంది.

"కూర్చో," అన్నారు. "నేను ఒకసారి అంటాను. నువ్వు రెండుసార్లు అను. స్వరం వద్దు."

ఇరవై నాలుగూ చెప్పారు. ఆయన నోట్లో 'ఎఫ్' కాస్తా 'యెఫ్ఫు' అయింది, 'జెడ్' 'జడ్డు' అయింది. నవ్వు రావాలి, రాలేదు. ముందుకి చెప్పారు. వెనక్కి చెప్పారు. జంటజంటలుగా అల్లి చెప్పారు. ఎక్కడా ఆగలేదు, వెతుక్కోలేదు. అప్పటినుంచి ఇప్పటిదాకా ఎన్నో మెషీన్లు చూశాను, ఒళ్ళో పెట్టుకుని పనిచేశాను. ఒక అక్షరం పోతే పట్టుకోవడానికి వాటిలో ఏ ఏర్పాటు ఉంటుందో చదువుకున్నాను కూడా. చదువుతుంటే నాకు ఆ వసారాయే కనిపించింది. చెప్పినదాన్నే వెనక్కీ ముందుకీ చెప్పి సరిచూసుకోవడం, అంతే కదా. మావాళ్ళు దాన్ని గొంతులో పెట్టుకుని తిరిగారు.

మళ్ళీ వంతెన దాటి పరిగెత్తాను. తలుపు తెరుచుకుంది. ఆఖరి గదిలో రాక్షసుడెవరూ లేడు. పైకి మెట్లున్నాయి, ఒక్కొక్కటీ విరుగుతూ. నా స్నేహితురాలు ఊపిరి బిగబట్టి ఎక్కించింది. కోట పైకప్పు మీదికి వచ్చాడు మా మనిషి. అక్కడ తెల్లవారింది. నాలుగే నాలుగు రంగుల్లో సూర్యుడు. చిన్న పాట. ఇంగ్లీషులో నాలుగు లైన్లు. మాకు ఆ భాష అంత రాదు, అయినా ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చదివి, కళ్ళప్పగించి చూస్తూ కూర్చున్నాం. ఆమె ఏడ్చింది. వాళ్ళ నాన్నగారు వెనక నిలబడి, "అయితే బాగానే పనిచేస్తందండి," అన్నారు. మర్నాడు పొద్దున్న ఆ పెట్టె థర్మాకోల్‌లో సర్దుకుని, కొత్తదానిలా రాజోలు వెళ్ళిపోయింది.

నేను అనుకున్నాను, ఇక నాకూ చెప్తారని. ఒకసారి కూర్చోబెట్టారు కదా. పెట్టె వెళ్ళిన ఆ పొద్దున్నే, తెల్లవారకుండా స్నానం చేసి, జడ వేసుకుని, హాల్లో గుమ్మం పక్కన నిలబడ్డాను. తాతగారు నన్ను చూశారు. చూసి, అన్నయ్యవైపు తిరిగి పాఠం మొదలుపెట్టారు. అలా ఎన్ని రోజులు నిలబడ్డానో చెప్పను. తర్వాత మానేశాను. మానేసి, కనిపించిన ప్రతి ఆటలోనూ పడ్డాను. ఆ కసి నా వేళ్ళకి కొంచెం వేగం కూడా తెచ్చిపెట్టింది.

పదేళ్ళు గడిచాయి. అమలాపురంలో డిగ్రీ చదువుతున్నాను. బస్టాండుకి దగ్గర్లో ఇంటర్నెట్ సెంటర్ ఒకటి వెలిసింది. ప్లైవుడ్ గదులు, ఒక్కో గదికీ కర్టెను, చెప్పులు బయట విప్పాలి. అందరూ అందులో రిజల్ట్సూ, ఈమెయిళ్ళూ చూసుకునేవారు. నేను ఆ ఆట వెతికాను. దొరికింది! ఎక్కడో ఎవరో, ఎప్పటి ఆటనో మర్చిపోకుండా, దానికోసం ఒక పేజీ పెట్టారు. కోట బొమ్మ ఉంది, పదహారు గదుల పటాలున్నాయి. మా ఇద్దరికే తెలుసనుకున్నది ప్రపంచంలో ఇంతమందికి తెలుసా అని నోరు తెరుచుకుని చూశాను. డిజిటల్ లోకం మీద నాకెన్ని ఫిర్యాదులున్నా, ఆ అరగంటకి మాత్రం నేను దానికి దణ్ణం పెడతాను.

ఆ పేజీలో గదుల తాళాలన్నీ రాసి ఉన్నాయి. ఆఖరిదాన్ని మనసులో అనుకుంటూ సరిచూశాను. పదిహేడో అక్షరం తేడాగా ఉంది. మరొకసారి వెనక్కి చెప్పి చూసుకున్నాను. సందేహం లేదు, వాళ్ళదే తప్పు. కింద నాలుగు ముక్కలు రాసి వచ్చాను. వారం తర్వాత వెళ్తే జవాబుంది: క్యాసెట్ పెట్టి చూశాం, నువ్వు చెప్పిందే సరైనది, నీకు ఏ పుస్తకంలో దొరికింది? నేను వచ్చీరాని ఇంగ్లీషులో టైపు చేశాను, మా తాతగారు చెప్పారు అని. దానికి వాళ్ళు మరేమీ అడగలేదు.

ఇంటికొచ్చేసరికి తాతగారు అరుగుమీద ఒక్కరూ ఉన్నారు. అన్నయ్య అప్పటికి బ్యాంకు ఉద్యోగంలో చేరాడు. బావల్లో ఒకడు స్కూల్లో టీచరు, ఒకడు గుళ్ళో అర్చకత్వం. చెప్పించుకునేవాళ్ళు లేరు. ఆయన తనలో తాను వల్లె వేసుకుంటున్నారు. నేను ఎదురుగా నిలబడి మొత్తం చెప్పాను.

"రాసుకున్నారు కదమ్మా, తప్పుంటుంది," అన్నారు నెమ్మదిగా.

"మీరు చెప్పింది తప్పు పోలేదు తాతగారూ."

"నేను చెప్పిందేవిటి? నువ్వు చెప్పిందే నేను చెప్పేను."

ఆ మాటతో పదేళ్ళుగా గొంతులో ఉన్నది బయటికొచ్చేసింది.

"మరి నాకెందుకు చెప్పలేదు? అన్నయ్యావాళ్ళకి చెప్పింది నాకెందుకు చెప్పలేదు?"

ఆయన శాస్త్రం చెబుతారనుకున్నాను. మామ్మ చెప్పిన జవాబే ఇంకొంచెం పెద్ద మాటల్లో చెబుతారనుకున్నాను. దానికి ఏమనాలో కూడా నా దగ్గర సిద్ధంగా ఉంది.

"నీకు రాదని కాదమ్మా," అన్నారు. "ఆవేళ నీ నోట ఆ స్వరం విన్నాక రాత్రి నిద్రపట్టలేదు. ఈ ముగ్గురిలో ఒక్కడికీ ఆ పనస అంత శుద్ధంగా పట్టుబడలేదు. చెప్పాలనే అనుకున్నాను. తెల్లారి నువ్వు గుమ్మం దగ్గర నుంచున్నావు. చూసేను."

"మరి?"

"ధైర్యం చాల్లేదు. ఊళ్ళో నలుగురూ ఏవంటారో అని. అంతే."

వేదమంతా ఒక్క అక్షరం జారకుండా మోసుకొచ్చిన మనిషి తల దించుకుని నా ముందు కూర్చున్నారు. నేను ఏమంటానో అని ఎదురుచూస్తున్నారు. చెప్పులు మెట్టు దగ్గర విడిచి, అరుగెక్కి, చెప్పించుకునేవాళ్ళు కూర్చునే వైపు కూర్చున్నాను. ఆయన నన్ను లేవమనలేదు.